తమ్ముడి లైసెన్సు మీద వేరేవాళ్ల పాయింట్లు: డబ్బులిస్తామంటున్నారు, ఏం చేయాలి?

నిజాంపేట_అక్క · ఆదివారం రాత్రి 11:40

నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

మా తమ్ముడు సిడ్నీలో మాస్టర్స్ చేస్తున్నాడు. చదువు లోను కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాం. వాడు రాత్రిళ్లు ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. ఆ వేళకు రైళ్లు దొరకవని పాత కారొకటి కొనుక్కుని, పోయినేడు అక్కడి లైసెన్సు తీసుకున్నాడు. మొన్న వీడియో కాల్‌లో మాటల మధ్యలో "అక్కా, ఈ నెల అద్దెకు పంపొద్దు, వెయ్యి డాలర్లు వస్తున్నాయి" అన్నాడు. ఎక్కడివిరా అని గట్టిగా అడిగితే చెప్పాడు.

వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన, మన తెలుగాయనే, కారు నడుపుతూ ఫోను పట్టుకుని కెమెరాకు దొరికాడట. దానికి ఫైనుతో పాటు లైసెన్సు మీద 5 తప్పు పాయింట్లు పడతాయట. ఆయనకు ముందే చాలా పడి ఉన్నాయి. ఇవీ పడితే లైసెన్సు పోతుంది, ఆయన బతికేదే బండి మీద. అందుకని "ఆ రోజు కారు నువ్వు నడిపావని నీ పేరు ఇస్తా, ఫైను నేనే కడతా, పాయింటుకు 200 డాలర్లు నీకు" అన్నాడట. మా వాడికి ఇంతవరకు ఒక్క పాయింటూ లేదు. "ఖాళీగా పడున్నవే కదక్కా, నాకేం ఖర్చు" అంటున్నాడు.

లైసెన్సు రెండు వైపులా ఫొటో తీసి ఆయనకు పంపేశాడు కూడా. డబ్బు ఇంకా రాలేదు.

ఇక్కడ చలానా పడితే ఎవరు కట్టినా కట్టినట్టే. అక్కడ కూడా అంతేనా? ఏదో తేడాగా ఉందని మనసుకు తెలుస్తోంది కానీ వాడికి ఏమని చెప్పాలో తెలియడం లేదు. అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు.

మారేడ్‌పల్లి_రఘు · ఆదివారం రాత్రి 11:58

అక్కా, ముందు ఒక్క మాట. ఇక ఆయనకు ఏ కాగితమూ, ఏ ఫొటోనూ పంపొద్దని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. డబ్బు వచ్చినా ముట్టుకోవద్దనండి. సిడ్నీలో ఉండేవాళ్లు ఒకరిద్దరు ఈ వేదికలో ఉన్నారు, వాళ్లకు తెల్లారాక చూస్తారు.

వెంట్‌వర్త్‌విల్_శేఖర్ · సోమవారం ఉదయం 5:10

సిడ్నీలో 11 ఏళ్లుగా ఉంటున్నాను. ఆఫీసుకు బయల్దేరబోతూ ఇది చూసి ఆగిపోయాను. ఇలాంటి బేరాలు ఇక్కడ మన గ్రూపుల్లో జరుగుతాయని నాకు తెలుసు, నన్నూ ఒకసారి అడిగారు. అందుకని వివరంగా రాస్తాను.

అక్కా, ఇక్కడ కొత్త డ్రైవర్లు గుర్తుగా కారు మీద పీ అక్షరం అతికించాలి, ముందు మీ తమ్ముడిది ఏ రంగులో ఉందో అడగండి. ఎరుపైతే హద్దు 4 పాయింట్లు. అంటే ఈ 5 పాయింట్లు పడిన రోజే వాడి లైసెన్సు సస్పెండవుతుంది. ఆకుపచ్చయితే 7. 5 పోగా మిగిలేవి 2. ఇక్కడ 10 కిలోమీటర్లకు మించి వేగం దాటితే 3 పాయింట్లు. రాత్రి షిఫ్టు అయిపోయి నిద్రమొహంతో ఇంటికొస్తూ ఒక్కసారి దొరికితే మొత్తం 8, మూడు నెలలు బండి తాళం పక్కన పెట్టాల్సిందే. పూర్తి లైసెన్సు ఉన్నవాళ్లకే మూడేళ్లలో 13. అదీ కాక లాంగ్ వీకెండ్లలో పాయింట్లు రెట్టింపు పడతాయి. ఆ పెద్దమనిషి ఫోను పట్టుకున్నది అలాంటి రోజైతే 5 కాదు, 10. ఆ సంగతి ఆయన చెప్పాడా?

"ఖాళీగా పడున్నవి" అన్నాడు కదా. అవి ఖాళీగా లేవు, వాడి రేపటి పొరపాట్ల కోసం ఉన్నాయి. కొత్త ఊళ్లో కొత్తగా బండి నడిపే కుర్రాడికి ఆ జాగా ఎంత అవసరమో నేను చూశాను.

ఇక పద్ధతి. కెమెరా ఫైను ముందు కారు ఎవరి పేరున ఉందో వాళ్లకు వస్తుంది. "నేను కాదు, ఫలానా మనిషి నడిపాడు" అని యజమాని ఆ మనిషి పేరు, లైసెన్సు నంబరు ఇవ్వాలి. దీన్నే నామినేట్ చేయడం అంటారు. అప్పుడు ఫైను కొత్తగా ఆ రెండో మనిషి పేరు మీద వస్తుంది. గమనించారా, మీ తమ్ముడు ఎక్కడా సంతకం పెట్టనక్కర్లేదు. లైసెన్సు వివరాలు ఆయన చేతిలో ఉన్నంతకాలం ఈ ఒక్కసారే కాదు, మళ్లీ మళ్లీ ఇవ్వగలడు. మీ వాడు 5 అమ్మానని అనుకుంటాడు, నిజానికి తన పేరునే ఆయన చేతికి ఇచ్చాడు.

ఫైను ఆయనే కడతానన్నాడు. కట్టకపోతే? నోటీసు మీ తమ్ముడి పేరున ఉంది. గడువు దాటితే అదనపు ఖర్చులు పడతాయి, ఆ తర్వాత కట్టలేదని లైసెన్సే ఆపుతారు. కోర్టుకెళ్లి "ఆయన కడతానన్నాడు" అని చెప్పుకోగలడా?

మిగతాది సాయంత్రం రాస్తాను.

నిజాంపేట_అక్క · సోమవారం ఉదయం 8:25

శేఖర్ గారూ, చాలా థాంక్స్. అడిగాను, ఆకుపచ్చ పీ. లాంగ్ వీకెండా కాదా అన్నది వాడికే తెలియదు. ఏ తేదీన ఏ వీధిలో జరిగిందో కూడా అడగలేదట. ఏం జరిగిందో తెలియకుండానే ఒప్పుకున్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

మాదాపూర్_కుర్రాడు · సోమవారం ఉదయం 10:15

నా ఆలోచన వేరు, కోప్పడకుండా వినండి. ప్రభుత్వానికి ఫైను అందుతోంది. పాయింట్లు కూడా ఎవరో ఒకరి మీద పడుతున్నాయి. కుటుంబాన్ని పోషించుకునే డ్రైవర్ ఉద్యోగం నిలబడుతోంది, చదువుకునే కుర్రాడికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. నష్టపోయింది ఎవరు? మన దగ్గర 2022 మార్చిలో బైకుల చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం ప్రభుత్వమే తగ్గించింది. రూల్ అంటే అంత పవిత్రమేమీ కాదని మనకు నేర్పింది వాళ్లే. మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఒక్క లైసెన్సు మీద ఐదుగురం బతికాం. అది పోతుందంటే ఆ మనిషికి ఎంత భయమో నాకు తెలుసు.

నాంపల్లి_వకీలు · సోమవారం మధ్యాహ్నం 1:40

మాదాపూర్ తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. కోప్పడాల్సింది ఏమీ లేదు. జవాబు చెప్పే ముందు మన ఊరి సంగతి చెబుతాను, ఎందుకంటే పాయింట్లంటే ఏమిటో మన చలానా అలవాటు వల్ల మనకు సరిగ్గా అర్థం కాదు.

హైదరాబాద్‌లో కూడా పెనాల్టీ పాయింట్లు వచ్చాయి, 2017 ఆగస్టు 1 నుంచి. హెల్మెట్ లేకపోతే 1, తాగి బండి నడిపితే 3 నుంచి 5 దాకా బండిని బట్టి. 24 నెలల్లో 12 చేరితే లైసెన్సు ఏడాది సస్పెన్షన్ అని అప్పట్లో పెట్టిన రూల్. కానీ మన ఈ-చలానా కెమెరా ఫొటో నుంచి బండి నంబరుకు వెళ్తుంది. నడిపింది అన్నా, తమ్ముడా, డ్రైవరా అన్నది ఎవరూ అడగరు, బండి అమ్మేటప్పుడో ఆపి తనిఖీ చేసినప్పుడో డబ్బు కడతారు, అంతే. కాబట్టి ఇక్కడ మనకు చలానా అంటే డబ్బు. నిజాంపేట తల్లికి "ఎవరు కట్టినా కట్టినట్టే" అనిపించింది అందుకే.

పాయింటు డబ్బు కాదు. ఫలానా రోజు ఫలానా తప్పు ఫలానా మనిషి చేశాడని ప్రభుత్వ రికార్డులో రాసే వాక్యం అది. ఆ వాక్యాన్ని అబద్ధంగా రాయించడమే ఇక్కడి బేరం. అమ్మింది పాయింటు కాదు, సాక్ష్యం. చాలా దేశాల్లో చట్టం దీన్ని ఒట్టి ట్రాఫిక్ తప్పుగా చూడదు, న్యాయాన్ని పక్కదారి పట్టించడంగా చూస్తుంది. 200 డాలర్ల సంగతి ఒక్కసారిగా జైలు సంగతి అయ్యేది అక్కడే.

మన చట్టంలోనూ అంతే. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే బండి యజమాని డ్రైవర్ వివరాలు చెప్పి తీరాలి. అక్కడ తప్పుడు పేరు ఇస్తే భారతీయ న్యాయ సంహితలో 217 ఉంది, నేరం చేసినవాడిని కాపాడటానికి తప్పుడు సమాచారం ఇచ్చినవాళ్లకు 238 ఉంది. 2023 డిసెంబరులో బేగంపేట ప్రజాభవన్ ముందు ఒక కారు బారికేడ్లను గుద్దిన కేసు గుర్తుందా? నడిపింది ఒకరు, స్టేషన్‌కు వచ్చింది ఇంకొకరు అని సీసీ కెమెరాలు చూసి పోలీసులే చెప్పారు. ఒక ఇన్‌స్పెక్టర్ సస్పెండ్ కూడా అయ్యారు. 2024 మేలో పుణె కారు ప్రమాదంలోనూ నేరం నెత్తిన వేసుకోమని ఇంటి డ్రైవర్‌ను ఒత్తిడి చేశారని పోలీసులు వేరే కేసు పెట్టారు. మన దగ్గర పాయింట్ల బజారు లేదు కానీ మనుషుల్ని నిలబెట్టే బజారు ఎప్పటి నుంచో ఉంది.

ఇక "నష్టపోయింది ఎవరు" అన్నావు. ఫైను అందరికీ ఒకేలా తగలదు తమ్ముడూ. ఉన్నవాడికి అది టీ ఖర్చు. పాయింటు ఒక్కటే కోటీశ్వరుడికీ మీ నాన్నగారికీ సమానంగా పడుతుంది, డబ్బుతో తుడుచుకోలేరు. దాన్ని కూడా కొనుక్కోవచ్చంటే ఆ ఒక్క సమానత్వమూ పోతుంది. డబ్బున్నవాడు ఎన్నిసార్లయినా ఫోను చూస్తూ నడపొచ్చు, డబ్బులేని కుర్రాళ్ల లైసెన్సులు ఒక్కొక్కటిగా అయిపోతుంటాయి. మీ నాన్నగారు బస్సులో ఉన్న రోజున ఎదురుగా అలాంటివాడు వచ్చాడనుకో.

ఉప్పల్_క్యాబ్_అన్న · సోమవారం రాత్రి 10:50

వకీలు సారు చెప్పిన మనుషుల్ని నిలవెట్టే బజార్ల నేను నిలవడ్డోన్ని. ఇది ఎవరికీ చెప్పలే. మా ఇంటామెకు గూడ సగమే తెలుసు. ఆ అక్క తమ్మున్ని సూస్తే రాయాలనిపిచ్చింది.

14 ఏండ్ల సంది బండి నడుపుతున్న. 2021ల ఒక ట్రావెల్స్‌ల జీతానికుంటి. ఒక రాత్రి ఒంటిగంటకు ఓనర్ ఫోన్ జేశిండు, ఎల్బీనగర్ కాడికి జల్ది రమ్మని. పోతే బండి ముందర అద్దం పలిగింది, స్కూటర్ కింద పడ్డది, మనిషిని అంబులెన్స్ల తీస్కపోయిన్రు. ఓనర్ కొడుకు తాగి నడిపిండు. నేను పోయేసరికే పిలగాన్ని వేరే బండ్ల పంపిచ్చిన్రు. "కాలు ఒక్కటే ఇరిగింది, నువ్వు తాగలే, మిషన్ ఊదితే సున్నా వస్తది, చిన్న కేసు, ఫైను నేను కడ్త, నీకు 50 వేలు" అన్నడు. మా బిడ్డకు అప్పుడు స్కూల్ ఫీజు బాకీ ఉండె. సరే అన్న.

పదకొండు రోజులకు ఆ మనిషి దవఖానల సచ్చిపోయిండు.

కాలు ఇరిగిన కేసు మనిషి పోయిన కేసయింది. సెక్షన్ మారింది. నేను ఒప్పుకున్నది ఒకటి, నా మీద ఉన్నది ఇంకోటి. ఓనర్ 20 వేలు ఇచ్చిండు, తర్వాత ఫోన్ ఎత్తుడు బంద్ జేశిండు. కేసు ఉన్నదని యాప్ కంపెనీలల్ల ఐడీ పోయింది. లైసెన్సు సస్పెండ్ జేశిన్రు. ఏడాది సెంట్రింగ్ పనికి పోయిన.

అవన్ని ఎట్లనో తట్టుకున్న. తట్టుకోనిది ఒక్కటే. ప్రతి వాయిదాకు ఆ సచ్చిపోయినాయన భార్య వస్తది. చిన్న పిలగాన్ని ఎత్తుకొని బెంచీ మీద కూసుంటది. నా దిక్కు సూస్తది. ఆమె లెక్కల ఆమె మొగున్ని సంపింది నేను. "అమ్మా నేను కాదు" అని చెప్పరాదు, ఎందుకంటే నేనే అని రాసిచ్చిన.

మాదాపూర్ తమ్మీ, నీది తప్పని అంటలేను. గప్పుడు నేను గూడ గట్లనే అనుకున్న, ఎవరికి నష్టం అని.

నాంపల్లి_వకీలు · సోమవారం రాత్రి 11:15

అన్నా, ఆ కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి దాని గురించి ఇక్కడ ఇంకో అక్షరం కూడా రాయకండి. ఎవరు అడిగినా చెప్పకండి. నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నేను ఫీజు తీసుకోను. మీది 2021 నాటిది కాబట్టి నిర్లక్ష్యంతో ప్రాణం పోయిన కేసులకు వాడే పాత ఐపీసీ 304ఏ, గరిష్ఠం రెండేళ్లు. 2024 జూలై 1 తర్వాత జరిగితే కొత్త న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా. చదివేవాళ్లకు ఆ తేడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను, మిగతాది మనం కూర్చుని మాట్లాడుకుందాం.

వేదిక_నిర్వాహకుడు · సోమవారం రాత్రి 11:30

ఉప్పల్ అన్న రాసింది ఎవరూ స్క్రీన్‌షాట్ తీసి బయట పెట్టవద్దని వేడుకోలు. ఊళ్లు, కంపెనీలు, కేసు నంబర్లు ఊహించే వ్యాఖ్యలు వస్తే తీసేస్తాను.

తులూజ్_హరిణి · మంగళవారం ఉదయం 9:05

ఫ్రాన్స్‌లో ఆరేళ్లు పని చేసి పోయినేడు కొండాపూర్ వచ్చేశాం. అక్కడ లెక్క తలకిందులు, చేతికి 12 పాయింట్లు ఇస్తారు, తప్పు చేసినప్పుడల్లా తీసేస్తారు, కొత్త డ్రైవర్‌కు 6. అందుకే అక్కడ "పాయింట్లు అమ్మబడును" అనే ప్రకటనలు నెట్‌లో బాహాటంగా కనిపించేవి. ఒక్క కాగితం మీద పేరు, లైసెన్సు నంబరు రాస్తే అయిపోతుంది కాబట్టి జనానికి అదొక సులువైన బేరంలా అనిపిస్తుంది.

ఆ దేశం దీనికోసం ప్రత్యేకంగా చట్టంలో సెక్షన్ పెట్టింది. డబ్బు తీసుకుని వేరేవాళ్ల తప్పుకు తన పేరు ఇస్తానని ముందుకొచ్చినా, ఒప్పుకున్నా ఆరు నెలల జైలు, 15,000 యూరోల జరిమానా. అదే అలవాటుగా చేసినా, ప్రకటన పెట్టినా ఏడాది, 30,000 యూరోలు. కొన్నవాడికే కాదు, అమ్మినవాడికి కూడా.

నాకు తెలిసిన ఒక తెలుగు కుర్రాడు 2 పాయింట్లు ఇచ్చాడు, కాసిని యూరోల కోసం. పోలీసుల దాకా వెళ్లలేదు, కానీ కొన్న మనిషి రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చి "ఇంకో రెండు ఇవ్వు, లేకపోతే ముందుది నేనే చెప్తా" అన్నాడు. వీడు ఎవరికి చెప్పుకుంటాడు? పోలీసుల దగ్గరికి వెళ్లలేడు. ఇదే అందరూ మరిచిపోయే ప్రమాదం అనిపిస్తుంది నాకు. ఈ బేరంలో మోసపోయినవాడికి ఫిర్యాదు చేసే చోటు లేదు.

సలాల_నుంచి_షార్జా · మంగళవారం మధ్యాహ్నం 12:30

జగిత్యాల మాది, గల్ఫ్‌ల 17 ఏండ్లు డ్రైవర్‌గ జేశిన. యూఏఈల బ్లాక్ పాయింట్లంటరు, 24 అయితే లైసెన్సు గుంజుకుంటరు. పెద్దోళ్ల పాయింట్లు చిన్నోళ్ల మీద ఎక్కిచ్చుడు ఆడ గూడ ఉంటది. మా రూంల ఒకాయన మొహమాటానికి ఒప్పుకున్నడు, పైసలు గూడ తీస్కోలే. లైసెన్సు పోయింది, డ్రైవర్ కొలువు పోయింది, ఇంటికొచ్చిండు. లక్షల అప్పు జేసి పోయిన మనిషి. అంతే చెప్పగల్గుత.

మాదాపూర్_కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 3:20

ఉప్పల్ అన్న రాసింది నిన్న రాత్రి నాన్నకు చదివి వినిపించాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన సర్వీసులో ఒకసారి డిపోలో ఇలాగే వేరే డ్రైవర్ తప్పు తన మీద వేసుకోమన్నారని, ఆ రాత్రి అమ్మ వద్దని ఏడ్చిందని చెప్పాడు. ఇన్నేళ్లలో నాకు చెప్పలేదు.

నష్టం ఎవరికి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం ఇంకా అనిపిస్తోంది. బండి మీదే బతికేవాడికి లైసెన్సు పోవడం మిగతావాళ్లకంటే పెద్ద శిక్ష. అది సమానం కాదు కదా వకీలు గారూ.

నాంపల్లి_వకీలు · మంగళవారం సాయంత్రం 4:45

నిజమే, సమానం కాదు. దానికి దారి ఏమిటంటే చట్టంలో ఉన్న వెసులుబాటు వాడుకోవడం. శేఖర్ గారూ, అక్కడ అలాంటిది ఏదైనా ఉందా?

వెంట్‌వర్త్‌విల్_శేఖర్ · మంగళవారం సాయంత్రం 5:30

ఉంది సార్. పూర్తి లైసెన్సు ఉన్న మనిషి హద్దు చేరినప్పుడు సస్పెన్షన్ బదులు 12 నెలల మంచి నడవడి షరతు ఎంచుకోవచ్చు. ఆ ఏడాదిలో 2 పాయింట్లు పడితే మాత్రం సస్పెన్షన్ రెట్టింపు. అంటే బండి మీద బతికే ఆ పెద్దమనిషికి చట్టమే ఒక దారి ఇచ్చింది: ఏడాదిపాటు ఫోను జేబులో పెట్టుకుని జాగ్రత్తగా నడపడం. అది కష్టమనిపించి మన పిల్లాడిని వెతుక్కున్నాడు.

అక్కా, నిన్న సగంలో ఆపింది ఇప్పుడు రాస్తాను. ఇది ఎలా బయటపడుతుందో తమ్ముడు తెలుసుకోవాలి, ఎందుకంటే కుర్రాళ్లు "ఎవరు కనిపెడతారు" అనుకుంటారు. ఇక్కడ ఫోను కెమెరాలు 2020 మార్చి నుంచి ఫైన్లు వేస్తున్నాయి. మామూలు స్పీడు కెమెరాలా కాదు, అద్దంలోంచి ముందు సీటును పైనుంచి ఫొటో తీస్తుంది. స్టీరింగ్ మీద చేతులు, ఒళ్లో ఫోను, చొక్కా అన్నీ పడతాయి. ఆ పెద్దమనిషి చేతికి ఉంగరం ఉంటే అదీ ఉంటుంది. ఆ సమయానికి మీ వాడు ఎక్కడున్నాడు? రైలెక్కితే కార్డు నొక్కిన టైము ఉంటుంది, గోడౌన్‌లో పంచింగ్ ఉంటుంది. పైగా బేరమంతా వాట్సాప్‌లో ఉంది, రేటుతో సహా.

బయటపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇక్కడందరికీ తెలిసిన కేసు ఒకటి చాలు. మార్కస్ ఐన్‌ఫెల్డ్ అని ఫెడరల్ కోర్టు మాజీ జడ్జి. 2006లో సిడ్నీలో 10 కిలోమీటర్ల వేగం ఎక్కువ వెళ్లాడని 77 డాలర్ల ఫైను వచ్చింది. కారు తన స్నేహితురాలు నడిపిందని చెప్పాడు. ఆవిడ అప్పటికి మూడేళ్ల కిందటే చనిపోయింది. 2009లో ఆయనకు మూడేళ్ల జైలు వేశారు, కనీసం రెండేళ్లు లోపల ఉండాలని. న్యాయాన్ని వక్రీకరించడానికి ఇక్కడ గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. మీ తమ్ముడికి 14 ఏళ్లు వేస్తారని నేను అనడం లేదు, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి చిన్న శిక్ష కూడా చిన్నది కాదు. ప్రతి వీసా ఫారంలో శిక్షల గురించి అడుగుతారు. 12 నెలలు, ఆపైన జైలు శిక్ష పడితే వీసాకు చూసే నడవడి పరీక్షలో తప్పినట్టే.

బర్మింగ్‌హామ్_వాణి · మంగళవారం రాత్రి 8:00

ఇంగ్లండ్‌లోనూ అంతే. క్రిస్ హ్యూన్ అని కేంద్ర మంత్రిగా పనిచేసినాయన, 2003లో వేగంగా నడిపిన పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ మీద వేయించాడు. విడాకుల తగాదాలో బయటికొచ్చింది. 2013లో ఇద్దరికీ చెరి ఎనిమిది నెలలు పడింది. పదేళ్ల తర్వాత. అందులో డబ్బు చేతులు మారలేదు, మొగుడూ పెళ్లాల మధ్య సంగతి. అయినా కోర్టు వదల్లేదు. చైనాలో పాయింట్లు కొనడం అమ్మడం ఎంత ముదిరిందంటే 2022 ఏప్రిల్ 1 నుంచి, డబ్బు కోసం వేరేవాళ్ల పాయింట్లు మోసినవాడికి ఒకేసారి 12 పాయింట్లు వేసే రూల్ పెట్టారు. అక్కడ ఏడాది హద్దు అదే 12.

నిజాంపేట_అక్క · మంగళవారం రాత్రి 11:10

ఇవన్నీ వాడికి పంపాను. ఉప్పల్ అన్నయ్యది మాత్రం నేనే ఫోన్‌లో చదివి వినిపించాను. చదువుతూ మధ్యలో నాకే గొంతు పట్టేసింది. వాడు ఏడ్చాడు.

కానీ ఇంకో సంగతి. సాయంత్రం వాడు "నాకు వద్దు" అని మెసేజ్ పెడితే ఆయన, "నీ పేరు ఇప్పటికే ఇచ్చేశాను, ఇప్పుడు మాట తప్పితే ఇద్దరం పోతాం" అని రాశాడట. నిజమో బెదిరింపో తెలియదు. ఏం చేయాలి?

వెంట్‌వర్త్‌విల్_శేఖర్ · బుధవారం ఉదయం 5:25

అక్కా, భయపడకండి. డబ్బు తీసుకోలేదు, అదే పెద్ద మేలు. తమ్ముడితో నేను నిన్న రాత్రి గంటసేపు మాట్లాడాను. అనుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తాయి.

ఆయనతో వాదన వద్దు. "నేను ఆ కారు నడపలేదు, నా పేరు వాడటానికి ఒప్పుకోవడం లేదు" అని ఒక్క మెసేజ్, అంతే. చాట్ తుడిచేయాలనిపిస్తుంది, తుడవొద్దు. రేపు వాడి మాటకు అదే సాక్ష్యం. ఇవాళే యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా లాయర్ సలహా ఇచ్చే విభాగానికి వెళ్తున్నాడు. ఫొటో పంపిన సంగతి, మొదట ఒప్పుకున్న సంగతి లాయర్‌కు ఏదీ దాచొద్దన్నాను. నోటీసు వాడి పేరున వస్తే తొందరపడి కట్టకూడదు. కడితే నేనే నడిపానని ఒప్పుకున్నట్టు, పాయింట్లు పడిపోతాయి. తాను డ్రైవర్ కాదని రాతపూర్వకంగా చెప్పాలి, అదీ లాయర్ చూసిన తర్వాతే.

లైసెన్సు కార్డు మార్పించుకోవాలి. 2022 సెప్టెంబరులో ఆప్టస్ ఫోను కంపెనీ డేటా చోరీ జరిగినప్పుడు ఇక్కడ బోలెడు మంది కార్డులు మార్చుకున్నారు, ఎందుకంటే లైసెన్సు నంబరు, కార్డు నంబరు, పుట్టిన తేదీ ఉంటే సిమ్ములు, అప్పులు తీసుకునే ప్రమాదం ఉంది. మీ తమ్ముడు రెండు వైపులా ఫొటో ఇచ్చాడు, అంటే అన్నీ ఇచ్చాడు. ఐడీకేర్ అనే సంస్థ గుర్తింపు కాగితాలు పోయినవాళ్లకు ఉచితంగా సాయం చేస్తుంది. క్రెడిట్ రిపోర్టు కంపెనీలకు చెప్పి తన పేరున కొత్త అప్పులు ఇవ్వకుండా ఆపించుకోవచ్చు. అవి నిన్న రాత్రే మొదలుపెట్టించాను.

మారేడ్‌పల్లి_రఘు · బుధవారం ఉదయం 9:40

అక్కా, నాన్నగారికి చెప్పండి. వేరేవాళ్ల నోట వినడం కంటే మీ నోట వినడం మేలు.

నిజాంపేట_అక్క · మూడు వారాల తర్వాత, శనివారం

అడుగుతూ మెసేజ్‌లు పెట్టిన అందరికీ. ఆయన అన్నది బెదిరింపు కాదు, నిజంగానే పేరు ఇచ్చాడు. పోయిన సోమవారం తమ్ముడి పేరున నోటీసు వచ్చింది. అందులో తేదీ, టైము చూసుకున్నాడు. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలు. ఆ టైముకు వాడు ల్యాబులో ఉన్నాడు, హాజరు ఉంది. లాయరమ్మ దగ్గర కూర్చుని జరిగిందంతా రాసి పంపారు. మొదట ఒప్పుకున్నానని కూడా రాశాడు. దాన్నెలా తీసుకుంటారో ఇంకా తెలియదు, లాయరమ్మ మాట ఇవ్వలేదు. కొత్త కార్డు వచ్చింది. గ్రూపులో వాణ్ణి "మనవాణ్ణి పట్టించినోడు" అంటున్నారట, ఇద్దరు మాట్లాడటం మానేశారు. శేఖర్ గారు ఆదివారాలు ఇంటికి భోజనానికి పిలుస్తున్నారు.

నాన్నకు చెప్పాను. తిట్టలేదు. "అద్దెకు ఎంత తక్కువైంది వాడికి" అని అడిగారు. ఆ రోజే పంపించారు.

ఉప్పల్ అన్నయ్యా, మీరు ఎలా ఉన్నారు?

ఉప్పల్_క్యాబ్_అన్న · శనివారం రాత్రి 10:20

బాగున్న చెల్లె. సారు ఎక్కువ రాయొద్దన్నడు. మూడుసార్లు కలిసినం. నిజం చెప్తే నా మీద గూడ ఇంకో కేసు అయితదని సారు ముందే చెప్పిండు. ఇంట్ల మాట్లాడిన, ఈసారి మొత్తం చెప్పిన. మా ఇంటామె సరే అన్నది. వాయిదా వచ్చే నెల ఉన్నది, ఆ సచ్చిపోయినాయన భార్య గూడ వస్తది.